వెనుక సీటు దీపం

కామారెడ్డి,
12 నవంబరు 1941

ఆశన్నా,

నీ ఉత్తరం అందింది. చలి మొదలవగానే అత్తమ్మకు దమ్ము మళ్లీ వస్తున్నదని రాశావు. అనుకున్నదే.

ఏటా కార్తీకంలో నా కారు తెచ్చి మీ కొట్టంలో పెట్టి, శివరాత్రి దాటాక తీసుకుపోవడం మీ అక్క పెట్టిన పద్ధతి. ఈ ఏడు కారు ముందే అక్కడికి చేరింది. దసరా తెల్లారి జ్వరంతో ఉన్న మీ అక్కను దవాఖానకని తీసుకుని బయలుదేరి, లింగంపేట దాటి, మళ్లీ వెనక్కి తిప్పుకొచ్చి నిలిపిన చోటనే ఉన్నది. అక్కడే ఉండనీ. పోయిన పుష్యంలో అత్తమ్మకు ఊపిరి అందనప్పుడు వెంటనే ఇక్కడికి తెచ్చి సూది వేయించాం కాబట్టి దక్కింది. మళ్లీ అంత గట్టిగా వస్తే ఎడ్లబండి మీద తెద్దామని చూడొద్దని డాక్టరు అప్పుడే చెప్పాడు. ఆ మాట మరిచిపోకు.

కాబట్టి కారు ఎప్పుడంటే అప్పుడు కదలాలి. కదలాలంటే బ్యాటరీలో బలం ఉండాలి. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దానంతటదే నిండుతుంది. కానీ ఈ యుద్ధం వచ్చినప్పటి నుంచి పెట్రోలు కూపన్ల మీద తప్ప దొరకడం లేదు. టాంకులో ఉన్నది ఒకసారి కామారెడ్డికి వచ్చి పోవడానికి సరిపోతుంది. దాన్ని ఊరికే కాల్చకు. హ్యాండిల్ ఉన్నది కదా అంటావు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా లోపల నిప్పు పుట్టదు.

ముందు సీటు కింద చెక్క తీస్తే బ్యాటరీ కనబడుతుంది. దాని తీగ ఒకటి ఊడదీసి పక్కన పెట్టు. తీగ ఉంటే ఏదో ఒక మూల నుంచి బలం కారిపోతుంది. అవసరం వచ్చినప్పుడు బిగించడం క్షణం పని. పైన గోనెసంచి కప్పు. చలికి బ్యాటరీ మందగిస్తుంది. మూతలు విప్పి చూసి, లోపలి పలకలు మునిగేంత నీళ్లు లేకపోతే ఈ మనిషితో పంపుతున్న సీసాలోని వాన నీళ్లు పొయ్యి. బావి నీళ్లు పనికిరావు. సీసా శ్రావణంలో మీ అక్క పట్టి పెట్టింది. ఒలకపోయకు.

నేను రాలేను. కోర్టు పని ఉన్నది.

మీ బావ
గంగారాం


ఎల్లారెడ్డి,
20 నవంబరు 1941

బావకు దండం పెట్టి ఆశన్న చెప్పుకునేది.

సీసా అందింది. నువ్వు చెప్పినట్లే తీగ తీసిన. సంచి కప్పిన. సంచి ఎందుకని బాపు గొంగడి గూడ కప్పిన. మా జీతగాడు బీరయ్య నవ్వుతుండు, మనుషులకు లేదు గని పెట్టెకు గొంగడా అని. పొద్దున కొట్టం ఊడ్వపోయినప్పుడు బ్యాటరీ దొరకు సలాం కొట్టి వస్తుండు.

ఒక కోడి కిటికీల నుంచి దూరి ముందు సీటు మీద గుడ్లు పెట్టింది. గుడ్లు తీసినం, సీటు తుడిచినం, అద్దం ఎక్కిచ్చినం. నువ్వు ఫికర్ చేయకు. మన దోస్తులు పేకాడతందుకు కార్ల కూసుంటమని అడిగిన్రు. మెత్తగ ఉంటదట. నేను రానియ్యలే.

అవ్వ మంచిగనే ఉన్నది. పొద్దున కొంచెం ఆయాసం. పొద్దుగూకంగ మాత్రం పోయి కొట్టంల కూసుంటది. అండ్ల చలి తక్కువ గదా.

మా ఇంటామె రామవ్వ నీకు తిండెట్ల నడుస్తున్నదని అడుగుమన్నది. వంటమనిషి దొరికిందా? కోర్టుకు సెలవులు గూడ ఉంటయి గదా బావా. ఒక్కసారి వచ్చిపో.

నీ బామ్మర్ది
ఆశన్న


కామారెడ్డి,
24 నవంబరు 1941

ఆశన్నా,

తీగ తీశావు, మంచిది. గొంగడి వల్ల నష్టం లేదు. పేకాట సంగతి నాకు రాయనక్కరలేదు, రానివ్వనక్కరలేదు.

తిండి నడుస్తున్నది. రామవ్వతో చెప్పు.

నెలకు రెండుసార్లు తీగ బిగించి హారను ఒక్కసారి కొట్టి చూడు. గొంతు బలంగా ఉంటే బ్యాటరీ బాగున్నట్లు. వెంటనే మళ్లీ తీగ తీయి.

గంగారాం


ఎల్లారెడ్డి,
8 డిసెంబరు 1941

బావకు,

హారను కొట్టి చూసిన. బొత్తం ఒత్తితే మేకపిల్ల లెక్క ఒకసారి మూలిగి ఊకున్నది. స్టార్టరు తొక్కితే టక్కుమన్నది, అంతే. హ్యాండిల్ నేనొకపారి, బీరయ్యొకపారి తిప్పినం. బీరయ్య చెయ్యి బెణికింది గని ఇంజను పలకలే.

నీ మాట ప్రకారమే అన్నీ చేసిన. అయినా గిట్లెందుకైందో నాకు తెల్వది. చలి గూడ ఈసారి గట్టిగ ఉన్నది. చలికేనేమో.

బ్యాటరీని గడ్డిల పెట్టి పెట్టెకెత్తి ఈ బస్సుల పంపుతున్న. కండక్టరుకు పది తీర్ల చెప్పిన, పండవెట్టకు, నిలవెట్టుమని. మిల్లుల నింపిచ్చి పంపు.

అవ్వకు రెండు రాత్రుల నుంచి ఆయాసం ఎక్కువనే ఉన్నది. పండుకోనిస్తలేదు, కూసొవెడ్తున్నం.

ఆశన్న


కామారెడ్డి,
15 డిసెంబరు 1941

ఆశన్నా,

కండక్టరు బ్యాటరీని పడుకోబెట్టే తెచ్చాడు. ఆసిడ్ కారి ఎవరిదో మిరపకాయల సంచి అడుగు కాలింది. వాళ్లు నన్ను కోర్టు ముందర పట్టుకున్నారు. సముదాయించి పంపాను.

ఇక్కడ బియ్యం మిల్లులో ఇంజనుతో పాటు డైనమో నడుస్తుంది. అక్కడి మిస్త్రీ బ్యాటరీ నింపి, గాజు గొట్టంతో ఆసిడ్ పీల్చి చూసి, ఇందులో ఏ లోపమూ లేదు అన్నాడు. నిలవ ఉంచితే నెల దాటినా ఇంతగా పడిపోదట. ఎవరో వాడితే తప్ప అన్నాడు. మా వాళ్లు అట్లాంటి పని చేయరని చెప్పాను.

ఎలుకలు తీగలు కొరికి ఉండవచ్చు. చూడు. బ్యాటరీ ఈ బస్సుకు వేస్తున్నాను. బిగించగానే ఒకసారి ఇంజను పలికించి, ఆపి, తీగ తీసెయ్యి. తీగ ఊడదీసి ఉంటే ఎలుక కొరికినా బలం పోదు. ఇది గట్టిగా పట్టించుకో. అత్తమ్మకు ఆయాసం పెరిగిందని నువ్వే రాశావు.

గంగారాం


ఎల్లారెడ్డి,
27 డిసెంబరు 1941

బావకు దండం.

బిగించిన నాడు ఇంజను ఒక్క తొక్కుడుకే పలికింది. కొట్టం బయట మందంతా జమైన్రు. అవ్వ వాకిట్లకు వచ్చి చూసి లోపలికి పోయింది.

నిన్న మళ్ల తొక్కి చూస్తే టక్కుమన్నది.

ఎలుకలు లేవు. తీగలన్నీ చూసిన. ఇగ ఏం రాయాలె బావా. చలి ఇంకా ఎక్కువైంది. పొద్దున తొట్ల నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నయి. దాని పాణం గూడ అంతే ఉంటదేమో. కారు అట్లనే ఉండనియ్యి. అవ్వకు నేను వేడినీళ్లు, కషాయం చూసుకుంటున్న. అంతగా అవసరం వడితే బస్సున్నది గదా.

నువ్వు పరేషాన్ కావద్దు.

ఆశన్న


కామారెడ్డి,
1 జనవరి 1942

ఆశన్నా,

నాగిరెడ్డిపేట భూమయ్య భూమి దావాలో నా పక్షకారు. నిన్న కోర్టుకు వచ్చాడు. వస్తూ మీ ఊళ్లో ఒక సాయంత్రం ఆగాడట. “వకీల్‌సాబ్, ఎల్లారెడ్డిల మీ కార్ల దీపం మంచిగ ఎలుగుతున్నది. ఎనక సీట్ల ఎవరో దర్జాగ కూసున్నరు. మీరే వచ్చిన్రనుకుని దండం పెట్టిన, లోపలాయన పలకలే” అన్నాడు. నలుగురి ముందర అన్నాడు. నేను నవ్వాను.

చలి అని రాశావు. నేనే ఎలుకలు అని రాశాను. మిస్త్రీకి మా వాళ్లు అట్లాంటి పని చేయరని చెప్పాను.

కారులో మెత్తగా ఉంటుందని మీ దోస్తులు అడిగిన సంగతి నువ్వే రాశావు. అందులో కూర్చుని పేక పంచుకోవడానికి మీకు చేతులు ఎట్లా వచ్చాయో నాకు తెలియదు. అది ఏ సీటో నీకు తెలుసు.

ఇది నింపినా అక్కడ నిలవదు. బ్యాటరీ బస్సుకు వేయి, నింపించి వచ్చే వారం దానితో ఇక్కడి డ్రైవరును పంపుతాను. కారు తెచ్చేస్తాడు. అత్తమ్మ సంగతి ఇక నీ బాధ్యత.

గంగారాం


ఎల్లారెడ్డి,
5 జనవరి 1942

బావా,

డ్రైవరును పంపకు. ఇది చదివినంక నీ ఇష్టం.

కార్ల కూసునేది నేను కాదు, నా దోస్తులు కాదు. అవ్వ.

మన ఇండ్లల్ల పాణం పోయిన జాగల యాడాది దాంక పొద్దుగూకంగ దీపం పెడ్తరు. బాపు పోయిన అర్రల పెట్టినం, నువ్వే చూసినవ్. అక్క పాణం ఇంట్ల పోలే. అందుకని అవ్వ పెద్దకర్మ అయిన తెల్లారి నుంచే కార్ల ప్రమిద పెట్టుడు మొదలుపెట్టింది. వెనుక సీటు మీదనే. ఒకనాడు వత్తి వడి సీటు అరచెయ్యంత కాలింది. టాంకుల పెట్రోలున్నది, పక్కన గడ్డివామున్నది. వద్దంటే ఇనలే. అప్పుడు నేనే పైకప్పుకున్న దీపం మీట చూపిన. నూనె లేదు, వత్తి లేదు, గాలికి పోదు అని చెప్పిన. అవ్వ మీట నొక్కి చూసి, ఇది అక్కకు తెలుసా అని అడిగింది. తెలుసన్న. అప్పటి నుంచి రోజు పొద్దుగూకంగ నొక్కుతది, పక్కన కూసుంటది. బువ్వకు పిలిచేదాంక లేవది.

నువ్వు తీగ తీయుమన్నవ్. తీసిన. అవ్వ మీట నొక్కితే ఎలగలే. నన్ను పిలిచి ఏం చేసినవ్‌రా అన్నది. మళ్ల బిగించిన. నీకు తీసిన అని రాసింది అబద్ధం కాదు, బిగించిన అని రాయలే.

చెప్పకపోలే బావా. కూసొవెట్టి చెప్పిన. అవ్వా, గీ దీపం అంతా తాగేస్తది, రేపు నీకు ఊపిరాడకుంటె కారు కదలదు, నిన్ను దవాఖానకు ఎట్ల తీస్కపోవాలె అని. అవ్వ నా దిక్కు చూడనన్న చూడలే.

“నన్ను తీస్కపోతందుకు దాని దీపం ఆర్పాల్నా? దాన్ని గిట్లనే తీస్కపోతిరి గదా.”

ఇంకో మాట గూడ అన్నది. ఆనాడు నేను ఊళ్లె లేను. అవ్వ నీతోని వస్తనన్నదట, పండుకోవెట్ట జాగ కావాలె అత్తమ్మా అని నువ్వు వద్దన్నవట. నేను ఒళ్లె తలపెట్టుకుని కూసుందును అన్నది. నీ మీద కోపం కాదు. నాకు అట్ల అనిపించలే. ఊకెనే అన్నది.

నువ్వు తిట్టు గని పేకాట అని మాత్రం అనకు.

ఆశన్న


కామారెడ్డి,
11 జనవరి 1942

ఆశన్నా,

పేకాట మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డ్రైవరును పంపను. అత్తమ్మతో ఏమీ చెప్పకు. నేను రాసింది కూడా చదివి వినిపించకు.

ఎదుటి పక్షం మాటలో సందు వెతకడం నా వృత్తి. అత్తమ్మ మాటలో నాకు సందు దొరకలేదు. తీసుకుపోయాను. చేర్చలేదు. ఒళ్లో తలపెట్టుకుని కూర్చుంటానంటే వద్దన్నాను. అది కూడా నిజమే.

కారు పక్కన లాంతరు పెట్టుకుంటే చాలదా అని రాయబోయాను. చాలదని నాకే తెలుసు. మా నాయన పోయిన మంచం తీసేసినా, ఆ మంచం వేసిన చోటే మా అమ్మ దీపం పెట్టింది, అడుగు అటు జరపలేదు.

ఇంకో బ్యాటరీ కోసం సికిందరాబాదుకు మనిషిని పంపాను. దొరకలేదు. కొత్తవన్నీ పల్టనుకే పోతున్నాయట. ఉన్నది ఒక్కటే. దీపానికి ఇస్తే కారుకు లేదు. కారుకు దాస్తే దీపానికి లేదు.

ఇట్లా చేద్దాం. ముందర మీటర్ల దగ్గర ఒక చిన్న బల్బు ఉంటుంది. అది తీసి పైకప్పు దీపానికి పెట్టు. తక్కువ తాగుతుంది. వెలుగు మందగించినప్పుడల్లా బ్యాటరీ ఇక్కడికి పంపు, నింపి తర్వాతి బస్సుకు వేస్తాను. బస్సు కూడా ఇప్పుడు సోమవారం, గురువారం తప్ప తిరగడం లేదని విన్నాను. ఆ మధ్య రోజుల్లో కారులో బ్యాటరీ ఉండదు. ఆ రోజుల్లో ఏమీ కాకూడదనుకోవడం తప్ప నా దగ్గర వేరే ఉపాయం లేదు.

సీటు కాలిన చోట ఏదైనా గుడ్డ కుట్టించు. పట్టుది వద్దు, జారుతుంది.

గంగారాం


ఎల్లారెడ్డి,
15 జనవరి 1942

బావకు,

చిన్న బల్బు పెట్టిన. అవ్వ చూసి “గిదేందిరా, చూపు మందగించింది నాకా దానికా” అన్నది. శాన దినాలకు నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది.

అయినా నిన్నటికి ఎలుగు ఎర్రవడ్డది. ఇయ్యాల్టి బస్సుల బ్యాటరీ పంపుతున్న. ఈసారి కండక్టరుకు ఇయ్యకుంట మనూరాయన చేతిల పెట్టిన, ఒళ్లె పెట్టుకుని వస్తనన్నడు. అది వచ్చేదాంక కారు మెట్టు మీద లాంతరు పెడ్తున్న. అవ్వ ఒప్పుకున్నది గని పక్కన కూసుంటలేదు. దూరం నుంచి చూసి పోతున్నది.

అల్లుడు తిట్టిండా అని అడిగింది. తిట్టలే అన్న. ఎందుకు తిట్టలే అన్నది. ఆ పొద్దు అవ్వ బువ్వ తినలే.

రాత్రిళ్లు కూసునే నిద్రపోతున్నది. సోమవారం బస్సుకు తప్పకుండ వేయి బావా.

ఆశన్న


కామారెడ్డి,
20 జనవరి 1942

ఆశన్నా,

బ్యాటరీ సోమవారం బస్సుకు వేయలేదు. కారణం చెప్తాను. ఆదివారం సాయంత్రానికే మిస్త్రీ నిండింది తీసుకుపొమ్మన్నాడు. గొట్టంతో చూస్తే ఇంకా కొంచెం తక్కువ అనిపించింది. దీపానికీ ఉండాలి, కారుకూ మిగలాలి అనుకున్నాను. ఇంకొక పూట ఉంచమన్నాను. ఇంతలో బస్సు పోయింది.

ఇప్పుడు అంచు దాకా నిండి ఉన్నది. ఇంతకంటే పట్టదన్నాడు మిస్త్రీ. నేను రాసుకునే బల్ల కింద, కాలికి తగిలేంత దగ్గర పెట్టుకున్నాను. గురువారం బస్సుకు నేనే చేతులతో ఎక్కిస్తాను. రెండు రోజులు.

అత్తమ్మ ఎందుకు తిట్టలేదని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు.

గంగారాం


ఎల్లారెడ్డి,
29 జనవరి 1942

బావకు దండం.

ఇంటికి వచ్చేసరికి నీ ఉత్తరం గూట్ల ఉన్నది. మేం అక్కడికి బయల్దేరినంక గురువారం బస్సుల వచ్చిందట. చదివిన. రెండోసారి చదవలే.

నీ ఇంట్ల ఉన్నన్ని దినాలు మనిద్దరం అవ్వ మందుల గురించి తప్ప మాట్లాడలే. నాట్లున్నయని అవ్వను నీ దగ్గర వదిలి వచ్చిన. ఇక్కడ కూసుంటె రాయొస్తది.

మంగళవారం రాత్రి దాటి కోడి కూయకముందే అవ్వకు మొదలైంది. పోయిన ఏడు లెక్కనే. పెదిమలు నల్లవడ్డయి. బస్సు గురువారం దాంక లేదు. బండి కట్టుమన్న. బండిల ఆ గతుకులకు, ఆ చలిగాలికి అవ్వ లింగంపేట గూడ చూడదని రామవ్వ ఏడ్చింది. అప్పుడు అవ్వనే చెయ్యి లేపి కొట్టం దిక్కు చూపింది. “అండ్లనే కూసొవెట్టు” అన్నది. అవ్వా దాంట్ల బ్యాటరీ లేదే అన్న. “ఎడ్లున్నయి గదరా” అన్నది.

కారు ముందర తాళ్లు కట్టి ఎడ్లను కట్టినం. అద్దాలు మూసినం. లోపల చలి రాలే. సీటు మెత్తగుండె. రామవ్వ వెనుక సీట్ల కూసుని అవ్వను ఎదకు ఆనించుకున్నది. బీరయ్య ఎడ్లను పట్టిండు, నేను స్టీరింగు పట్టిన. ఎడ్లు ఈడ్చే కారుకు స్టీరింగు పట్టుడంటె ఏందో నీకు చెప్పలేను. చేతికి పనుంటది గని ఏ పనీ ఉండది.

తొవ్వ పొడుగునా జనం నిలవడి చూసిన్రు. లింగంపేటల తెలిసినాయన ఎడ్లు మార్చి ఇచ్చిండు. తాడ్వాయి చౌకి కాడ జవాను ఆపి పెట్రోలు కూపన్ చూపుమన్నడు. ఎడ్లకు కూపన్ ఎందుకన్నా అన్న. లోపల అవ్వను చూసి టోపీ తీసి పక్కకు జరిగిండు.

అవ్వకు ఊపిరందినప్పుడల్లా ఒక్కటే అడిగింది, ఇంకెంత దూరం‌రా అని. నేను ఉన్నదే చెప్పుకుంట వచ్చిన. లింగంపేట రాలే, ఇప్పుడు వచ్చింది, ఇంకా తాడ్వాయి రాలే అని. తాడ్వాయి కాడ అవ్వ, “అబద్ధమన్న ఆడొచ్చు గదరా” అన్నది. రామవ్వ నవ్వింది, నేను నవ్విన. అవ్వ నవ్వలే.

దీపాలు పెట్టే యాళ్లకు నీ వాకిట్లకు వచ్చినం. నువ్వు బయటికి వచ్చి ముందుగాల ఎడ్లను చూసినవ్, తర్వాత కారును చూసినవ్. నీ మొఖం చూసి నేను తల దించుకున్న. నీ బల్ల కింద బ్యాటరీని అప్పుడే చూసిన. నిన్ను ఏమన్న అనాలని లేదు. నువ్వు పంపినా, రోజు దీపం ఎలిగితే బుధవారానికి ఎంత మిగులుతుండెనో దేవునికే ఎరుక.

అవ్వ ఎట్లున్నదో రాయి. ఉన్నదున్నట్లు రాయి.

ఆశన్న


కామారెడ్డి,
8 ఫిబ్రవరి 1942

ఆశన్నా,

ఉన్నదున్నట్లు రాయమన్నావు. డాక్టరు ప్రతిరోజూ వచ్చి చూస్తున్నాడు. దమ్ము తగ్గింది. గుండె బలహీనపడ్డది. వచ్చే చలికాలం మాట నేను అడిగాను. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం అన్నాడు. ఆమెతో అనలేదు. ఆమె కూడా అడగలేదు.

కారు నా వాకిట్లోనే, ఎడ్లు విప్పిన చోట ఉన్నది. మీరు వచ్చిన మరునాడు బ్యాటరీ బిగించాను. తొక్కగానే ఇంజను పలికింది. కాసేపు విని ఆపేశాను. తీసుకుపోవలసిన మనిషి అప్పటికే వచ్చేసింది కదా.

దసరా తర్వాత నేను ఆ కారును తాకడం అదే మొదలు. మీ ఊరికి రాలేకపోయింది కోర్టు పని వల్ల కాదు. నీకు తెలిసే ఉంటుంది.

కొంచెం లేచి తిరగడం మొదలైన నాడు సాయంత్రం, అత్తమ్మ గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. కారు తలుపు తెరుచుకుని వెనుక సీట్లో కూర్చుంది. మీట నొక్కింది. నేను వసారాలో ఉన్నాను. ఇన్నేళ్లలో అత్తమ్మ నా ఎదుట కూర్చోవడం చూడలేదు. ఏం చెప్పినా తలుపు చాటు నుంచే చెప్పేది. ఆమె అక్కడ ఉన్నంత సేపు నేను లోపలికి పోవడమే మర్యాద. లేచాను కూడా. “చలిల ఎందుకు నిలవడ్డవ్, కూసో” అన్నది.

ముందు సీట్లో కూర్చున్నాను. వెనక్కి తిరగలేదు. అద్దంలో దీపం కనబడింది, ఆమె కొంగు అంచు కనబడింది. తర్వాత అడిగింది. మీలో ఎవరూ నన్ను ఇప్పటిదాకా అడగనిది.

“ఆకరుకు ఏమన్నది?”

“ఇంకెంత దూరం అని అడిగింది.”

“నువ్వేమన్నవ్?”

“వచ్చినం అన్న.”

“వచ్చిన్రా?”

“లేదు. లింగంపేట అప్పుడే దాటినం.”

మీ అక్క మళ్లీ ఏమన్నా అంటుందేమోనని ఆనాడు నేను ఎదురుచూశాను. తిరిగి చూడలేదు, రోడ్డు బాగాలేదు. ఇంకా కొంత దూరం పోయాక గానీ కారు ఆపలేదు. ఇది కూడా అత్తమ్మకు చెప్పాను. ఆమె వింటున్నదో లేదో తెలియలేదు. కొసకు, “మంచిగ అన్నవ్” అన్నది. అంతే.

అప్పటి నుంచి రోజూ ఇదే. దీపాల వేళకు ఆమె వెనుక, నేను ముందు. బువ్వ చల్లారుతున్నదని వంటమనిషి విసుక్కుంటుంది. వాకిలి ముందు నుంచి పోయేవాళ్లు, వకీలు అత్తగారిని ఎక్కడికో తీసుకుపోతున్నాడని ఆగి చూస్తారు. కారు కదలకపోతే పోతారు.

పోయిన వారం బ్యాటరీ మిల్లుకు పంపాను. ఇంత తొందరగా ఖాళీ అయింది, ఎక్కడెక్కడ తిరుగుతున్నరు వకీల్‌సాబ్ అన్నాడు మిస్త్రీ. ఎక్కడికీ పోలేదన్నాను. నమ్మలేదు. కూపన్లు ఎక్కడ సంపాదిస్తున్నానో తనకూ చెప్పమన్నాడు.

శివరాత్రి దగ్గరికి వచ్చింది. చలి విరిగింది. అత్తమ్మను ఇప్పుడే తీసుకుపోకు. యాడాది అయ్యేదాకా కారు ఎక్కడుంటే తను అక్కడ ఉంటానన్నది. ఆమె వాన నీళ్ల సీసా అడిగింది, ఉన్నదా? అడుగున కొంచెం మిగిలి ఉంటే పంపు. బ్యాటరీలో నీళ్లు తగ్గాయి.

ఈ సాయంత్రం మళ్లీ వెలుగు ఎర్రబడ్డది. బల్బులోని తీగ మాత్రమే కనబడేంతగా. ఇంకా కాల్చితే బ్యాటరీ పలకలు చెడిపోతాయి, తర్వాత ఎంత నింపినా నిలవదు. అది నాకు తెలుసు. మీట మీద చెయ్యి పెట్టాను. ఆర్పకుండానే చెయ్యి తీసుకున్నాను.

రేపు మిల్లుకు పంపాలి.

గంగారాం